పొర ఓర్పు: విద్యుత్ కేబుళ్ల అధిక వోల్టేజీ పరీక్షల చరిత్ర

భూమిలో పూడ్చినదైనా, సముద్రగర్భంలో పరచినదైనా ప్రతి విద్యుత్ కేబుల్‌లోనూ రెండు భాగాలు తప్పనిసరిగా ఉంటాయి. విద్యుత్తును మోసే రాగి లేదా అల్యూమినియం వాహకం మొదటిది. ఆ విద్యుత్తు పక్కకు పోకుండా వాహకాన్ని చుట్టి ఉండే నిరోధక పొర, అంటే ఇన్సులేషన్, రెండవది. వాహకం మంచిదో కాదో తేల్చడం సులభం. దాని మందం, తూకం, నిరోధం కొలిస్తే చాలు. ఇన్సులేషన్ అంత తేలికగా లొంగదు. పైకి నున్నగా, నిండుగా కనిపించే పొరలో వెంట్రుకవాసి పగులు గానీ, ఆవగింజలో వందో వంతు గాలిబుడగ గానీ, కంటికి ఆనని చెమ్మ గానీ దాగి ఉంటే, అది కొన్నేళ్ల తరవాత, తవ్వి తీయడం మిక్కిలి కష్టమైన చోట కేబుల్‌ను పనికిరాకుండా చేస్తుంది. అందువల్ల కేబుల్‌ను వాడకంలోకి తెచ్చే ముందు, అది రోజూ భరించబోయే దానికంటే ఎక్కువ వోల్టేజీని కొంతసేపు దాని మీద పెట్టి, పొర నిలుస్తుందా లేదా అని చూడడం ఆనవాయితీగా స్థిరపడింది. దీనినే అధిక వోల్టేజీ పరీక్ష అంటారు.

ఈ పరీక్ష మూలాలు టెలిగ్రాఫ్ కాలం నాటివి. అప్పటి నుంచి ఇప్పటి వరకు ఇంజనీర్లను ఒకే చిక్కు వెన్నాడుతూ వచ్చింది. దాగిన లోపాన్ని బయటపెట్టాలంటే పరీక్ష గట్టిగా ఉండాలి. అయితే ఆ గట్టితనం లేని లోపాన్ని పుట్టించకూడదు. సంతలో కుండ కొనేవారు దానిని వేలి కణుపుతో తట్టి మోత వింటారే తప్ప రాయితో కొట్టి చూడరు. ఎంత దెబ్బ వేయవచ్చునన్నది మట్టిని బట్టి, కాల్పును బట్టి, కుండను దేనికి వాడబోతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. కేబుల్ విషయంలోనూ ‘ఎంత దెబ్బ, ఎలాంటి దెబ్బ’ అన్న ప్రశ్నకు ప్రతి తరమూ తన జవాబును తాను వెతుక్కోవలసి వచ్చింది. ఇన్సులేషన్ పదార్థం మారినప్పుడల్లా పరీక్షా మారవలసి వచ్చింది. పాత పరీక్షనే కొత్త పదార్థం మీద కొనసాగించిన చోట పరీక్షే హాని చేసింది.

సముద్రం నేర్పిన పాఠాలు

కేబుల్ ఇన్సులేషన్ సమస్య విద్యుద్దీపాల కంటే ముందే తలెత్తింది. 1839లో కలకత్తాలో ప్రయోగాత్మకంగా టెలిగ్రాఫ్ తీగలు వేసిన విలియం ఓషానెస్సీ, హుగ్లీ నది నీటి అడుగున తీగను దాటించవలసి వచ్చినప్పుడు దానికి కీలు పూసి, చీల్చిన పేముతోనూ తారు పట్టించిన నారతోనూ కప్పి కాపాడారు. ఆనాటికి అంతకు మించిన పదార్థం అందుబాటులో లేదు. 1843లో సింగపూర్‌లో పనిచేసిన వైద్యుడు విలియం మాంట్‌గొమరీ, మలయా అడవుల్లోని ఒక జాతి చెట్ల పాలు గట్టిపడగా వచ్చే గట్టాపర్చా అనే పదార్థం నమూనాలను లండన్‌కు పంపారు. వేడికి మెత్తబడి, చల్లని నీటిలో గట్టిపడి, ఉప్పునీటికి చెడని ఈ పదార్థాన్ని అతుకు లేకుండా తీగ చుట్టూ ఒత్తే యంత్రాన్ని 1847లో జర్మనీలో వెర్నర్ సీమెన్స్ రూపొందించారు. 1851లో ఇంగ్లండ్‌కూ ఫ్రాన్స్‌కూ మధ్య ఇనుప తీగల కవచంతో వేసిన గట్టాపర్చా కేబుల్ విజయవంతంగా పనిచేయడంతో మహాసముద్రాలను దాటవచ్చునన్న ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం తగిన పరీక్షలు లేకుండానే అట్లాంటిక్‌లోకి దిగింది. ఐర్లండ్‌లోని వాలెన్షియాకూ న్యూఫౌండ్‌లాండ్‌కూ మధ్య 1858 ఆగస్టు 5న పూర్తయిన కేబుల్, సుమారు 3,200 కిలోమీటర్ల పొడవున, తీగకు నాటికల్ మైలుకు 107 పౌండ్ల రాగి, 261 పౌండ్ల గట్టాపర్చా చొప్పున తయారైంది. తయారీ తొందరలో సాగింది. నిల్వ ఉంచినప్పుడు ఎండ తగలడంతో కొన్నిచోట్ల గట్టాపర్చా మెత్తబడి రాగి తీగ మధ్యలోంచి ఒక పక్కకు జరిగింది. పూర్తయిన కేబుల్‌ను పొడవునా నీటిలో ముంచి పరీక్షించే పద్ధతి అప్పటికి ఏర్పడలేదు. విక్టోరియా రాణి పంపిన 98 పదాల సందేశం చేరడానికే దాదాపు 16 గంటలు పట్టింది. సంకేతాలు నీరసించే కొద్దీ కంపెనీ విద్యుత్ నిపుణుడు, వృత్తిరీత్యా వైద్యుడైన వైల్డ్‌మన్ వైట్‌హౌస్, పెద్ద ఇండక్షన్ చుట్టలతో సుమారు 2,000 వోల్టుల వరకు కేబుల్ మీద ప్రయోగించారు. నెల తిరిగేసరికి కేబుల్ మూగబోయింది. పొర అప్పటికే లోపభూయిష్టంగా ఉందనీ, ఆ అధిక వోల్టేజీ దాని పతనాన్ని త్వరితం చేసిందనీ తరవాతి పరిశీలకులు తేల్చారు. నిపుణుడైన విలియం థామ్సన్, తరవాతి కాలంలో లార్డ్ కెల్విన్, ఇందుకు పూర్తి భిన్నమైన దారి పట్టారు. అద్దపు గాల్వనామీటర్ అనే అతి సున్నితమైన పరికరంతో అత్యల్ప విద్యుత్తునే చదవగలిగితే పొర మీద భారం పెంచనవసరం లేదన్నది ఆయన వాదన.

ఈ దెబ్బకు తోడు, సూయజ్ నుంచి ఏడెన్ మీదుగా కరాచీకి 1859, 1860 సంవత్సరాల్లో వేసిన ఎర్రసముద్రపు కేబుల్ కూడా విఫలమైంది. వాటాదారులకు లాభం పూచీ పడిన బ్రిటిష్ ప్రభుత్వం, పనిచేయని కేబుల్ కోసం ఏళ్ల తరబడి ఖజానా నుంచి చెల్లించవలసి వచ్చింది. అప్పటికి సముద్రాల్లో వేసిన సుమారు 11,000 మైళ్ల కేబుళ్లలో 3,000 మైళ్లు మాత్రమే పనిచేస్తున్నాయి. బ్రిటిష్ వాణిజ్య మండలి, అట్లాంటిక్ టెలిగ్రాఫ్ కంపెనీ కలిసి నియమించిన విచారణ సంఘం నిపుణులందరి వాంగ్మూలాలు సేకరించి 1861లో సమర్పించిన నివేదిక, కేబుల్ పరీక్షలకు శాస్త్రీయ పునాది వేసింది. రాగి స్వచ్ఛతను కొలవాలి, ప్రతి ముక్కనూ నీటిలో ముంచి ఇన్సులేషన్ నిరోధం లెక్కించాలి, తయారీ నుంచి పరిచే వరకు లెక్కలు భద్రపరచాలి అన్న నియమాలు అక్కడి నుంచే బలపడ్డాయి.

కొలవాలంటే కొలమానం కావాలి. ఒక కర్మాగారంలోని నిరోధపు లెక్క మరొక కర్మాగారంలో అర్థం కాని ఆ కాలంలో, కేబుల్ ఇంజనీర్లు లాటిమర్ క్లార్క్, చార్లెస్ బ్రైట్ 1861లో విద్యుత్ ప్రమాణాలకు శాస్త్రవేత్తల పేర్లు పెట్టాలని ప్రతిపాదించారు. అదే ఏడాది బ్రిటిష్ అసోసియేషన్ నియమించిన ప్రమాణాల సంఘం నిరోధానికి స్థిరమైన ప్రమాణాన్ని తయారుచేసింది. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ సదస్సు ఓమ్, వోల్ట్ వంటి పేర్లను ప్రపంచానికంతటికీ ఆమోదించింది. పాఠశాల విద్యార్థులు నేడు వల్లించే ఈ పేర్ల వెనుక సముద్రంలో పోయిన కేబుళ్లు మిగిల్చిన అవసరం బలంగా ఉంది.

ఆ నియమాలకు తొలి పెద్ద ఫలితం భారతదేశానికి సంబంధించినదే. 1864లో పర్షియన్ గల్ఫ్‌లో వేసి, భారత టెలిగ్రాఫ్ వ్యవస్థను తుర్కీ మార్గం ద్వారా ఐరోపాతో కలిపిన కేబుల్‌ను బ్రైట్, క్లార్క్ పర్యవేక్షణలో ముక్కముక్కకూ నీటిలో, ఒత్తిడి కింద పరీక్షించారు. గట్టాపర్చా నిరోధం వేడికి విపరీతంగా పడిపోతుంది కాబట్టి, నీటిని 75 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 24 డిగ్రీల సెల్సియస్ వద్ద స్థిరంగా ఉంచి కొలిచారు. సముద్రగర్భ కేబుల్ పరిశ్రమకు అదే ప్రామాణిక ఉష్ణోగ్రత అయింది. చల్లని ఇంగ్లండ్ నీటిలో మేలుగా తోచిన పొర వెచ్చని గల్ఫ్ నీటిలో ఎలా ఉంటుందో ముందే తెలుసుకోవాలన్న ఆలోచన ఇందులో ఉంది. పరీక్ష వాడుక పరిస్థితిని పోలి ఉండాలన్న సూత్రం ఆచరణలోకి వచ్చిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

1866లో ‘గ్రేట్ ఈస్టర్న్’ ఓడ పరచిన అట్లాంటిక్ కేబుల్‌లో నాటికల్ మైలుకు 300 పౌండ్ల రాగి, 400 పౌండ్ల గట్టాపర్చా వాడారు. పరుస్తున్నంత సేపూ ఓడ నుంచీ తీరం నుంచీ ఇన్సులేషన్‌ను నిరంతరం పరీక్షించే పద్ధతిని విల్లోబీ స్మిత్ రూపొందించారు. ఈ పరీక్షల కోసం అత్యధిక నిరోధం గల కడ్డీలు కావలసి వచ్చి సెలీనియంను వాడినప్పుడు, వెలుతురు పడితే దాని నిరోధం మారిపోతున్న సంగతి బయటపడింది. ఆ విషయాన్ని స్మిత్ 1873లో ప్రకటించారు. కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే విద్యకు అది తొలి మెట్టు. తెలుగు జిల్లాలెన్నో భాగమైన నాటి మద్రాసు ప్రెసిడెన్సీ రాజధాని నుంచి పెనాంగ్ మీదుగా సింగపూర్‌కు 1870, 1871 సంవత్సరాల్లో వేసిన కేబుల్ కూడా ఈ పరీక్షా సంప్రదాయంలోనే తయారైంది.

వీధుల కిందికి పది వేల వోల్టులు

టెలిగ్రాఫ్ కేబుల్ మోసేది కొద్ది వోల్టుల సంకేతాన్ని. 1880లలో విద్యుద్దీపాల కోసం వీధుల కింద వేసిన కేబుళ్లు మోసింది శక్తిని. దీనితో పరీక్ష స్వభావం మారింది. ఇన్సులేషన్ నిరోధం ఎక్కువగా ఉన్నంత మాత్రాన పొర అధిక వోల్టేజీని భరిస్తుందని హామీ లేదు. సన్నని పొర కూడా పొడిగా ఉంటే గొప్ప నిరోధం చూపుతుంది, వోల్టేజీ పెంచితే తూటు పడుతుంది. అందువల్ల నిరోధాన్ని కొలవడం ఒక పరీక్షగా, వోల్టేజీని నిలబెట్టి ఓర్పును చూడడం మరొక పరీక్షగా విడిపోయాయి.

ఈ మార్పుకు సెబాస్టియన్ డి ఫెరాంటీ వేసిన డెట్‌ఫర్డ్ కేబుల్ గొప్ప ఉదాహరణ. లండన్ నగరానికి తూర్పున థేమ్స్ ఒడ్డున కట్టిన కేంద్రం నుంచి నగరం నడిబొడ్డుకు 10,000 వోల్టుల వద్ద విద్యుత్తు పంపాలని ఆయన సంకల్పించినప్పుడు, అంత వోల్టేజీని భరించే కేబుల్ ఎవరి దగ్గరా లేదు. ఒకదానిలో ఒకటి ఇమిడే రాగి గొట్టాల మధ్య ఓజోకెరైట్ అనే ఖనిజ మైనంలో నానబెట్టిన గోధుమరంగు కాగితాన్ని చుట్టి, ఒక్కొక్కటి 20 అడుగుల పొడవున కేబుల్ ముక్కలను ఫెరాంటీయే తయారుచేయించారు. వేలాది అతుకులతో సాగిన ఆ మార్గం భద్రమేనా అన్న ప్రభుత్వాధికారుల అనుమానాన్ని తీర్చడానికి, విద్యుత్తు పారుతున్న కేబుల్‌లోకి ఒక సహాయకుడు ఉలిని పట్టుకుని నిలబడగా మరొకరు సుత్తితో దిగగొట్టారు. వెలుపలి గొట్టం భూమికి కలిసి ఉండడం వల్ల ఉలి పట్టిన మనిషికి ఏ హానీ కలగలేదు. 1891లో సరఫరా మొదలుపెట్టిన ఈ కేబుల్ నాలుగు దశాబ్దాల పాటు పనిచేసి, నూనె లేదా మైనం పట్టిన కాగితమే అధిక వోల్టేజీకి తగిన పదార్థమని రుజువు చేసింది.

ఆ మార్గంలోనే మరొక విషయం తెలిసివచ్చింది. పంపిన చోట కంటే అందుకున్న చోట వోల్టేజీ ఎక్కువగా ఉండడం గమనించారు. దానికి ‘ఫెరాంటీ ప్రభావం’ అన్న పేరు స్థిరపడింది. రెండు వాహకాల మధ్య ఇన్సులేషన్ ఉన్నప్పుడు అది విద్యుదావేశాన్ని నిల్వ చేసుకుంటుంది. ఈ గుణాన్ని కెపాసిటెన్స్ అంటారు. ఏసీ విద్యుత్తు క్షణక్షణానికీ దిశ మార్చుకుంటుంది కాబట్టి కేబుల్ తన ఆవేశాన్ని నింపుకోవడానికీ విడవడానికీ నిరంతరం కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. ఈ ఆవేశపు కరెంటే తరవాతి నూరేళ్లు కేబుల్ పరీక్షకుల ముందు నిలిచిన పెద్ద అడ్డంకి.

నిరోధం కొలిచే పక్క కూడా అదే కాలంలో అభివృద్ధి చెందింది. బ్రిటన్‌లో సిడ్నీ ఎవర్‌షెడ్ రూపొందించి, ఎవర్‌షెడ్ అండ్ విగ్నోల్స్ సంస్థ ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో ‘మెగ్గర్’ పేరుతో విడుదల చేసిన పరికరం, చేతితో పిడి తిప్పితే కొన్ని వందల వోల్టుల డీసీని, అంటే దిశ మారని విద్యుత్తును, పుట్టించి, ఇన్సులేషన్ నిరోధాన్ని మెగోమ్‌లలో నేరుగా సూది మీద చూపేది. మెగోమ్ అంటే పది లక్షల ఓమ్‌లు. ఒక కంపెనీ సరుకు పేరు తెలుగు నేలపై లైన్‌మన్ల నోట ‘మెగ్గర్ వేయడం’ అన్న క్రియగా మారేంతగా అది వ్యాపించింది. చెమ్మ పట్టిన పొర నిరోధం కాలంతో పెరగదనీ, పొడి పొర నిరోధం నిమిషాలు గడిచే కొద్దీ పెరుగుతుందనీ పరిశీలనలో తేలడంతో, పదో నిమిషపు కొలతను మొదటి నిమిషపు కొలతతో భాగించి పొర ఆరోగ్యాన్ని అంచనా వేసే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఈ పరీక్ష పొరకు ఏ హానీ చేయదు. అయితే సన్నని పగులునూ గాలిబుడగనూ పట్టుకోలేదు.

నూనె, కాగితం, సీసం

1879లో స్విట్జర్లండ్‌కు చెందిన ఫ్రాంస్వా బొరెల్ కేబుల్ చుట్టూ సీసపు తొడుగును అతుకు లేకుండా ఒత్తే యంత్రాన్ని నిర్మించడంతో, కాగితానికి ప్రధాన శత్రువైన తేమను బయటే ఆపడం సాధ్యమైంది. సీసపు తొడుగులో నూనె పట్టించిన కాగితపు కేబుల్ ఇరవయ్యో శతాబ్దపు తొలి సగమంతా ప్రపంచ నగరాలను ఏలింది. 10,000 వోల్టుల స్థాయిలో నమ్మకంగా ఉన్న ఈ కేబుళ్లు 33,000, 66,000 వోల్టులకు ఎదిగినప్పుడు మాత్రం, పరీక్షలో నెగ్గినవి కూడా కొద్ది ఏళ్లకే పగలసాగాయి. విద్యుత్ లోడు పెరిగి వేడెక్కినప్పుడు నూనె వ్యాకోచించి సీసపు తొడుగును సాగదీస్తుంది. చల్లబడినప్పుడు నూనె కుంచించుకుపోతుంది గానీ సీసం వెనక్కి రాదు. మధ్యలో ఖాళీలు మిగులుతాయి. ఆ ఖాళీల్లో సూక్ష్మమైన మెరుపులు పుట్టి కాగితాన్ని కొద్దికొద్దిగా కాల్చివేస్తాయి.

కొన్ని నిమిషాల ఓర్పు పరీక్ష ఈ నిదానమైన క్షయాన్ని చూడలేదు. అందుకు వేరే చూపు కావలసి వచ్చింది. 1920లో జర్మనీలోని జాతీయ కొలతల సంస్థలో పనిచేస్తున్న హారల్డ్ షేరింగ్ రూపొందించిన వంతెన వలయం ఆ చూపును ఇచ్చింది. ఆదర్శవంతమైన ఇన్సులేషన్‌లో కరెంటు వోల్టేజీ కంటే సరిగ్గా 90 డిగ్రీలు ముందుంటుంది. నిజమైన పొరలో కొంత శక్తి వేడిగా వృథా అవుతుంది కాబట్టి ఆ కోణం కొద్దిగా తగ్గుతుంది. ఆ తగ్గిన కోణాన్ని నష్టకోణం అనీ, దాని టాంజెంట్‌ను ‘టాన్ డెల్టా’ అనీ అంటారు. వోల్టేజీ పెంచుతూ పోయినప్పుడు టాన్ డెల్టా ఒక స్థాయి దగ్గర హఠాత్తుగా ఎగబాకితే, లోపల ఖాళీల్లో మెరుపులు మొదలయ్యాయని అర్థం. పొరను పగలగొట్టకుండానే దాని లోపలి స్థితిని చదవడం ఇలా సాధ్యమైంది. ఖాళీలకు మూలాన్నే తొలగించే మార్గాన్ని ఇటలీలోని పిరెల్లీ సంస్థ ఇంజనీర్ లుయీజీ ఎమానుయేలీ కనిపెట్టారు. పల్చని నూనెను ఒత్తిడితో కేబుల్‌లో నింపి, వేడికీ చలికీ తగినట్లు తొట్ల ద్వారా నూనె రాకపోకలు సాగేలా చేసిన ఆయన కేబుల్‌ను 1927లో న్యూయార్క్, షికాగో నగరాల్లో 132,000 వోల్టుల వద్ద వాడకంలోకి తెచ్చారు. పిడుగుపాటు వల్ల వచ్చే క్షణకాలపు వోల్టేజీని ప్రయోగశాలలో పుట్టించే జనరేటర్‌ను జర్మనీలో ఎర్విన్ మార్క్స్ 1920ల మధ్యలో రూపొందించడంతో ఇంపల్స్ పరీక్షలకు కూడా దారి ఏర్పడింది.

కర్మాగారంలో కేబుల్‌ను పరీక్షించడం ఒక ఎత్తు, వీధిలో వేశాక పరీక్షించడం మరొక ఎత్తు. 33 కిలోవోల్టుల కేబుల్‌లో ఒక్కొక్క ఫేజుకూ భూమికీ మధ్య ఉండేది 19 కిలోవోల్టులు. కిలోమీటరుకు 0.2 మైక్రోఫారడ్ల కెపాసిటెన్స్ గల అటువంటి కేబుల్‌ను మూడు రెట్ల వోల్టేజీతో, అంటే 57 కిలోవోల్టులతో, 50 హెర్ట్జ్ వద్ద పరీక్షించాలంటే కిలోమీటరుకు 200 కిలోవోల్ట్ ఆంపియర్లకు పైగా శక్తి కావాలి. పది కిలోమీటర్లకు రెండు వేలు దాటుతుంది. అంత పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌ను వీధుల్లోకి తేవడం అసాధ్యం. డీసీ విషయంలో ఈ బాధ లేదు. కేబుల్ ఒకసారి ఆవేశం నింపుకున్నాక, పొరలోంచి కారే అత్యల్ప కరెంటును మాత్రమే అందిస్తే చాలు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అధిక వోల్టేజీ శూన్య నాళికలు, అంటే కెనోట్రాన్ రెక్టిఫైయర్లు, అందుబాటులోకి రావడంతో చిన్న వాహనంలో పట్టే డీసీ పరీక్షా యంత్రాలు తయారయ్యాయి. నూనె కాగితపు కేబుల్‌కు ఈ పరీక్ష చక్కగా సరిపోయింది. చెమ్మ దిగిన కాగితం, పగిలిన సీసపు తొడుగు, సరిగా కుదరని జాయింటు ఉంటే లీకేజీ కరెంటు పెరుగుతూ పోయి ముందే హెచ్చరించేది. దశాబ్దాల అనుభవం ఈ పరీక్షను ఇంజనీర్ల చేతి అలవాటుగా మార్చింది. పరీక్ష ముగిశాక భూమికి కలిపిన కడ్డీతో కేబుల్‌ను చాలాసేపు డిశ్చార్జి చేయాలనీ, లేకుంటే పొరలో ఇంకిన ఆవేశం తిరిగి పైకి వచ్చి ప్రాణం తీయగలదనీ జాయింటర్లకు నేర్పే తొలి పాఠం కూడా ఈ పరీక్ష నుంచే వచ్చింది.

కొత్త పొర, పాత పరీక్ష

1933 మార్చిలో ఇంగ్లండ్‌లోని ఐసీఐ సంస్థ ప్రయోగశాలలో ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ ఇథిలీన్ వాయువును తీవ్రమైన ఒత్తిడికి గురిచేసినప్పుడు మైనం వంటి తెల్లని పదార్థం మిగిలింది. అదే పాలిథీన్. విద్యుత్ నష్టం అత్యల్పంగా గల ఈ పదార్థం యుద్ధకాలపు రాడార్ కేబుళ్లలోకీ, ఆ తరవాత సముద్రగర్భ టెలిఫోన్ కేబుళ్లలోకీ చేరి గట్టాపర్చా స్థానాన్ని ఆక్రమించింది. సుమారు 70 డిగ్రీల సెల్సియస్ దాటితే మెత్తబడే దాని బలహీనతను, అణువుల గొలుసులను రసాయనికంగా అడ్డంగా ముడివేయడం ద్వారా అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధకులు అధిగమించారు. 1960ల నుంచి విద్యుత్ కేబుళ్లలో వ్యాపించిన ఈ క్రాస్‌లింక్డ్ పాలిథీన్‌ను పరిశ్రమలో ‘ఎక్స్‌ఎల్‌పీఈ’ అంటారు. 90 డిగ్రీల వద్ద నిరంతరం పనిచేసే, నూనె అక్కరలేని, జాయింటు వేయడానికి సులభమైన ఈ కేబుల్ కొద్ది దశాబ్దాల్లోనే కాగితాన్ని పక్కకు నెట్టింది.

ఈ కేబుల్ నీటికి చెడదన్న నమ్మకంతో 1960, 1970 దశకాల్లో చాలాచోట్ల బయటి తేమ నిరోధక తొడుగు లేకుండానే భూమిలో వేశారు. కొన్నేళ్లకు అవి పగలడం మొదలుపెట్టాయి. కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, పొర లోపల కొమ్మలు వేసిన చెట్టు ఆకారంలో సన్నని తేమ దారులు కనిపించాయి. ‘నీటి చెట్లు’ అని పేరు పడిన ఈ వికారాన్ని 1960ల చివరలో జపాన్ పరిశోధకులు వివరించారు. తేమ, నిరంతర విద్యుత్ ఒత్తిడి, పొరలోని మలినాలు కలిసి వీటిని ఏళ్ల తరబడి పెంచుతాయి. తయారీలో ఆవిరికి బదులు పొడి నైట్రోజన్ వాడడం, ఇన్సులేషన్‌ను దాని లోపలి, వెలుపలి పొరలతో కలిపి మూడు పొరలుగా ఒకేసారి ఒత్తడం, శుభ్రమైన ముడిసరుకు, నీటి చెట్ల పెరుగుదలను అడ్డుకునే మిశ్రమాలు అనే మార్పులు 1980ల నాటికి వచ్చాయి.

అయితే భూమిలో ఉన్న లక్షల మీటర్ల పాత కేబుల్‌ను అప్పటికీ పరీక్షిస్తూ వచ్చింది మాత్రం కాగితం కాలపు డీసీ పరీక్షతోనే. ఇక్కడే ఈ చరిత్రలోని అతి ముఖ్యమైన మలుపు ఉంది. ఏసీ కింద వోల్టేజీ పొరలోని పదార్థాల పర్మిటివిటీని, అంటే విద్యుత్ క్షేత్రాన్ని నిలుపుకునే గుణాన్ని బట్టి పంపిణీ అవుతుంది. డీసీ కింద వాటి నిరోధాన్ని బట్టి పంపిణీ అవుతుంది. కాబట్టి డీసీ పరీక్షలో పొర ఎదుర్కొనే ఒత్తిడి, రోజూ ఎదుర్కొనే ఒత్తిడి ఒకే చోట పడవు. కాగితం కొద్దిగానైనా విద్యుత్తును కారనిస్తుంది కాబట్టి దానిలో చేరిన ఆవేశం త్వరగా తగ్గిపోతుంది. ఎక్స్‌ఎల్‌పీఈ అత్యుత్తమ నిరోధకం కావడమే ఇక్కడ దాని కీడుకు కారణమైంది: నీటి చెట్ల కొమ్మల చివర్లలో, జాయింట్ల అంచుల్లో చిక్కుకున్న ఆవేశం గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి అక్కడే ఉండిపోతుంది. ఆ కేబుల్‌కు తిరిగి ఏసీ సరఫరా ఇచ్చినప్పుడు చిక్కుకున్న ఆవేశపు క్షేత్రమూ, సరఫరా క్షేత్రమూ ఒకదానికొకటి తోడై, అప్పటివరకు పనిచేస్తున్న పొరను చీల్చివేస్తాయి. అమెరికాలోని ఎలక్ట్రిక్ పవర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ 1990లలో వెలువరించిన అధ్యయనాలు, వాడకంలో వయసు మీరిన ఎక్స్‌ఎల్‌పీఈ కేబుళ్ల మీద చేసిన డీసీ పరీక్ష వాటి మిగిలిన ఆయుష్షును తగ్గించగలదని చూపాయి. పరీక్షలో నెగ్గిన కేబుల్ కొద్దిరోజులకే పగలడం వెనుక ఉన్న కారణం ఇలా వెల్లడైంది.

వాడుకను పోలిన పరీక్ష

డీసీని వదలాలంటే ఏసీ కావాలి. ఏసీ కావాలంటే ఆవేశపు కరెంటు సమస్యను దాటాలి. దీనికి రెండు మార్గాలు దొరికాయి. మొదటిది దిశ మారే వేగాన్ని తగ్గించడం. 50 హెర్ట్జ్‌కు బదులు 0.1 హెర్ట్జ్ వాడితే, అంటే పది సెకన్లకు ఒక ఆవృత్తి చొప్పున వోల్టేజీ దిశ మారితే, కావలసిన శక్తి 500 రెట్లు తగ్గుతుంది. పైన చెప్పిన పది కిలోమీటర్ల కేబుల్‌కు రెండు వేల కిలోవోల్ట్ ఆంపియర్లకు బదులు నాలుగు చాలు. దిశ మారుతూనే ఉంటుంది కాబట్టి ఆవేశం ఒకచోట పేరుకోదు. అతి తక్కువ పౌనఃపున్యపు పరీక్ష, వాడుకలో ‘వీఎల్‌ఎఫ్’ అని పిలిచే ఈ పద్ధతి, మధ్యస్థ వోల్టేజీ కేబుళ్లకు ప్రపంచమంతటా వ్యాపించింది.

రెండవది అనునాదం. కేబుల్ కెపాసిటెన్స్‌కు ఎదురుగా తగిన ఇండక్టర్‌ను వరుసలో కలిపితే, ఒక నిర్ణీత పౌనఃపున్యం వద్ద రెండూ తమలో తాము శక్తిని ఇచ్చిపుచ్చుకుంటాయి. బయటి నుంచి నష్టాలకు సరిపడా కొద్ది శక్తిని అందిస్తే చాలు. పౌనఃపున్యాన్ని మార్చి అనునాదాన్ని వెతుక్కునే యంత్రాలు లారీల మీద వచ్చేంత చిన్నవి కావడంతో, అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 20 నుంచి 300 హెర్ట్జ్ మధ్య ఏసీతో గంటసేపు చేసే పరీక్షను అధిక వోల్టేజీ ఎక్స్‌ఎల్‌పీఈ మార్గాలకు ఆమోదించింది.

వోల్టేజీ నిలబెడుతూనే పొర లోపలి చిన్న మెరుపులను వినే విద్య దీనికి తోడైంది. పాలిథీన్ పర్మిటివిటీ గాలి కంటే సుమారు 2.3 రెట్లు ఎక్కువ కాబట్టి పొరలోని చదునైన గాలి ఖాళీలో విద్యుత్ క్షేత్రం కూడా అంత రెట్లు తీవ్రమవుతుంది. గాలి మొదట పగిలి సూక్ష్మమైన మెరుపు పుడుతుంది. ఈ పాక్షిక డిశ్చార్జిని పికోకూలంబ్‌లలో, అంటే కూలంబ్‌లో లక్ష కోట్ల వంతులలో కొలుస్తారు. కొలిచే పద్ధతికి అంతర్జాతీయ ప్రమాణం 1968లో వచ్చింది. నేడు మధ్యస్థ వోల్టేజీ కేబుల్ కర్మాగారం దాటే ముందు, ఫేజ్ వోల్టేజీకి 1.73 రెట్ల వద్ద కొలమానపు సున్నితత్వానికి అందేంత డిశ్చార్జి ఉండకూడదు. ఆ సున్నితత్వం 10 పికోకూలంబ్‌లు లేదా అంతకంటే మెరుగ్గా ఉండాలి. అత్యధిక వోల్టేజీ కేబుల్ వ్యవస్థలకైతే దాదాపు 100 మీటర్ల నమూనాను, జాయింట్లతో సహా, 1.7 రెట్ల వోల్టేజీ కింద ఏడాది పాటు ఉంచి, కనీసం 180 సార్లు వేడెక్కించి చల్లార్చే దీర్ఘకాలిక అర్హతా పరీక్ష ఉంది. 1858లో తగిన పరీక్ష లేకుండానే వదిలేసిన విషయానికి ఇప్పుడు ఏడాది కేటాయిస్తున్నారు.

డీసీ పరీక్ష చెడ్డదన్న నిర్ణయానికి మాత్రం రాకూడదు. డీసీని మోసే కేబుల్‌కు డీసీ పరీక్షే సరైనది. తమిళనాడులోని పుగలూరు నుంచి కేరళలోని త్రిశ్శూరుకు ±320 కిలోవోల్టుల వద్ద 2,000 మెగావాట్ల విద్యుత్తును చేర్చే మార్గంలో కొంత భాగం భూగర్భ ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్. ఆవేశం చిక్కుకోకుండా ప్రత్యేకంగా తయారైన పొర, విద్యుత్తు దిశ తిప్పినా వోల్టేజీ ధ్రువం మారని కన్వర్టర్ల సాంకేతికత కలవడం వల్ల ఇది సాధ్యమైంది. ఒకే పేరుగల పదార్థానికి, అది చేయబోయే పనిని బట్టి వేర్వేరు పరీక్షలు తగినవి కావచ్చునని ఈ ఉదాహరణ స్పష్టం చేస్తుంది.

భారతదేశంలో, తెలుగు నేలపై

భారతదేశంలో కేబుల్ తయారీ జంషెడ్‌పూర్‌లో మొదలై, స్వాతంత్ర్యానంతరం భారతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన నిర్దేశాల నీడలో ఎదిగింది. కాగితపు కేబుళ్లకు ఐఎస్ 692, పీవీసీ కేబుళ్లకు ఐఎస్ 1554, ఎక్స్‌ఎల్‌పీఈ కేబుళ్లకు ఐఎస్ 7098, ఇళ్లలోని తీగలకు ఐఎస్ 694 ఈ వరుసలోనివే. గోడలో దాగే సాధారణ పీవీసీ తీగ కూడా కర్మాగారంలో అధిక వోల్టేజీ ఉన్న పూసల గొలుసుల మధ్య నుంచి వేగంగా సాగిపోతుంది; పొరలో ఎక్కడ సూదిమొనంత తూటు ఉన్నా అక్కడ నిప్పురవ్వ ఎగసి యంత్రం ఆ చోటును నమోదు చేస్తుంది.

1960లో బెంగళూరులో ఏర్పడిన కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ దేశంలో స్వతంత్ర పరీక్షలకు ఆధారమైంది. దాని అత్యధిక వోల్టేజీ పరిశోధనశాల హైదరాబాద్‌లో ఉప్పల్ సమీపంలోని మేడిపల్లి దగ్గర 1990లలో వెలిసింది. ఈ శాస్త్రాన్ని బోధించడంలో తెలుగువారి పాత్ర కూడా చిన్నది కాదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యులైన ఎం.ఎస్. నాయుడు, కాకినాడ జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాలలో ఆచార్యులైన వి. కామరాజు కలిసి రచించిన ‘హై వోల్టేజ్ ఇంజనీరింగ్’ అన్న పాఠ్యగ్రంథం దశాబ్దాలుగా దేశమంతటా ఇంజనీరింగ్ విద్యార్థులకు ఈ రంగంలోకి ప్రవేశద్వారంగా నిలిచింది. మార్క్స్ జనరేటర్, షేరింగ్ వంతెన, పాక్షిక డిశ్చార్జి వంటి విషయాలను తరాల విద్యార్థులు మొదట ఆ పుస్తకంలోనే చదువుకున్నారు.

ఈ విద్య అవసరం తెలుగు నగరాల్లో ఇప్పుడు మరింత పెరిగింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నంలో స్తంభాలనూ తీగలనూ నేలకూల్చిన తరవాత, ప్రపంచ బ్యాంకు సహాయంతో నగరంలో విద్యుత్ తీగలను భూగర్భానికి మార్చే పని చేపట్టారు. హైదరాబాద్‌లో 132, 220 కిలోవోల్టుల మార్గాలు రోడ్ల కింద సాగుతున్నాయి. గాలికి ఒరగని ఈ కేబుళ్లకు నేలలోని తేమ, వరద నీరు, తీరప్రాంతపు ఉప్పు, నిర్లక్ష్యంగా తవ్వే గునపాలు కొత్త శత్రువులు. స్తంభం మీది లోపం కంటికి కనబడుతుంది. భూగర్భంలోని లోపం పరీక్షకే కనబడుతుంది.

అందువల్ల పాత ఒప్పంద పత్రాల్లోని పరీక్షా నిబంధనను పదార్థం మారిందో లేదో చూడకుండా కొత్త పత్రంలోకి ఎత్తి రాయడం కేవలం కాగితం మీది పొరపాటుగా మిగలదు. అది నేల కింద ఉన్న పొర ఆయుష్షును తగ్గిస్తుంది, ఆసుపత్రికో నీటి సరఫరా కేంద్రానికో చేరవలసిన విద్యుత్తును ఆపుతుంది. ఏ పదార్థం, ఏ సేవ, ఎంత వయసు అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలిశాకే వోల్టేజీ స్థాయినీ, రూపాన్నీ, వ్యవధినీ నిర్ణయించాలి. తొలి కొలతలను భద్రపరచి తరవాతి ఏళ్ల కొలతలతో పోల్చాలి. పరీక్షా నివేదికలో ‘నెగ్గింది’ అన్న ఒక్క మాటతో తృప్తి పడకుండా, దేనిలో నెగ్గిందో అడగాలి. వాలెన్షియా నుంచి విశాఖ వరకు ఈ శాస్త్రం ఎంతో నష్టానికి ఓర్చి సంపాదించుకున్న వివేకం ఇదే. దానిని ఆచరణలో నిలుపుకోవడం నేటి ఇంజనీర్ల, ప్రమాణాలు రాసేవారి, కేబుళ్లు కొనే ప్రభుత్వ సంస్థల ఉమ్మడి బాధ్యత.